తార్నాక ట్యాంకు మీద నడుము తాడు

నా తార్నాక ప్రయాణానికి కారణం సుగుణ రాసిన కార్డు. ఆమె భర్త యాదగిరి నీళ్ల ట్యాంకుల పనిలో పదకొండేళ్లు నా కింద చేశాడు. ఇప్పుడు తార్నాక పక్కన విశ్వవిద్యాలయంలో ట్యాంకులు కడిగే ముగ్గురికి మేస్త్రీ. నిచ్చెన మీద కాలు జారి, చేతులతో వేలాడి బతికాడట. తాడు కట్టుకోమంటే తన మాట వినడనీ, మీరొచ్చి చెప్పమనీ రాసింది.

ఉదయం 6.20కి కాజీపేటలో రైలెక్కాను. జనగామలో ఎక్కిన పూలబుట్టల ఆమె నా చేతులు చూసి, "సలి పెడ్తున్నదా తాతా?" అని అడిగింది. లోపల ఉక్కగా ఉంది. లేదమ్మా అని చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

9.10కి సికింద్రాబాద్. స్టేషన్ బయట ఇడ్లీ తిని బస్సెక్కితే అరగంటలో తార్నాక చౌరస్తా. అక్కడినుంచి నడక. వానాకాలం వెళ్లేవారు క్యాంపస్ బండల మీద జాగ్రత్తగా అడుగేయాలి.

ట్యాంకు నాలుగంతస్తుల ఎత్తుంది. యాదగిరి నన్ను తన మనుషులకు గర్వంగా చూపించాడు. ముందు తనే ఎక్కి తర్వాత మమ్మల్ని పిలిచే సారు ఈయనే అన్నాడు. తాడేదని అడిగాను. సామాన్ల గదిలో ఉన్నాయన్నాడు, విప్పని చుట్టలుగానే.

"మీరెన్నడన్న కట్టుకున్నరా సార్? మిమ్మల్ని చూసే నేర్చుకున్న."

నిజమే. మనుషులు జంకకూడదని నేను ఉత్త నడుముతోనే ఎక్కేవాణ్ని. తాడు తెప్పించి నా నడుముకు కట్టుకున్నాను. ఈ వయసులో మీకెందుకు, కూసోండ్రి అని యాదగిరి బతిమాలాడు.

తాడుకు రెండు కొక్కేలు. ఒకటి పై మెట్టుకు తగిలించాకే కిందిది తీయాలి. పదిహేనో మెట్టు దాకా ఎక్కి ఆగిపోయాను. తర్వాత కాలు పైకీ రాలేదు, కిందికీ రాలేదు. కింద ఎవరో నవ్వారు.

"తాత వణుకుతున్నడురో."

"వణుకుతున్న," అన్నాను. "అప్పుడు గూడ వణికేవాణ్ని యాదగిరీ. మీకు కనబడనియ్యలే."

నవ్వు ఆగింది. యాదగిరి నన్ను దించడానికి పరుగున వచ్చి మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. నడుము ఉత్తదే.

"కట్టుకొని రా. లేకుంటే నేను దిగ."

మెట్టు మీంచి కాలు తీశాడు. తర్వాత గదిలోకి వెళ్లి రెండో తాడు తెచ్చుకున్నాడు. కొక్కెం మార్చుకుంటూ వచ్చి, నా పాదాన్ని పట్టుకుని ఒక్కొక్క మెట్టు మీద పెట్టిస్తూ దించాడు. భయంతో అతని చెయ్యీ చల్లబడింది.

సుగుణ పెట్టిన అన్నం తిని, సాయంత్రం 4.15 రైలు కోసం బయల్దేరాను. తార్నాకలో బస్సు ఎక్కిస్తూ యాదగిరి, రేపు ఏడింటికి ఇంకా పెద్ద ట్యాంకు ఉందని చెప్పాడు. తాడు మాట అతను ఎత్తలేదు. నేనూ అడగలేకపోయాను.

భువనగిరి దాటాక డైరీ తీసి, యాదగిరి తాడు కట్టుకుని ఎక్కాడని రాశాను. నేను కళ్లారా చూసింది ఆ ఒక్కసారే. రేపు అతను ఎక్కే వేళకు నేను కాజీపేటలో ఉంటాను.