మిరప కళ్లంలో చెడుగుడు

పాత స్టేడియం పడగొట్టి కొత్తది కడుతున్నారని మనవరాలు చెబితే, పోయిన వారం ఆటోలో వెళ్ళి చూసి వచ్చాను. గ్యాలరీ సగం కూలింది. యంత్రం నేల తవ్వుతుంటే దుమ్ము లేచింది. నా చెయ్యి దానంతటదే కొంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టింది. "దుమ్మేగా నానమ్మా, అంత భయమెందుకు?" అంది పిల్ల. ఆ నేల సంగతి దానికి తెలియదు. తెలిసిన మనిషి, మా ఆయన, మొన్న వానాకాలంలో కన్నుమూశారు.

నేను కాపురానికి వచ్చేనాటికి, అంటే యాభైల చివర్లో, అది మామగారి మిరప కళ్లం. నల్లపాడు వెళ్ళే దారి పక్కన చదునైన నేల. ఆయన తండ్రి నాటి నుంచీ కాయ అక్కడే ఎండేది. ఊరికి స్టేడియం కావాలనుకున్న పెద్దల చూపు దాని మీద పడింది. మామగారిని అడిగే ధైర్యం లేక మా ఆయన్ని పట్టుకున్నారు. మా ఆయన ఊరి చెడుగుడు జట్టుకు కెప్టెన్. నెలల తరబడి తండ్రిని బతిమాలారు. "నువ్వు దూకడానికి నేను కాయ ఎండబోసుకునే చోటు ఇవ్వాలట్రా?" అన్నారు మామగారు. చివరికి ఇచ్చారు. ఇచ్చిన రోజు నుంచి కొడుకుతో మాట్లాడటం మానేశారు. "అమ్మాయ్, వాడికి అన్నం పెట్టు" అని నాతో చెప్పేవారు. మా ఆయన ఎదురుగానే కూర్చుని ఉండేవారు. మొదటి ఆట బాగా జరిగి ఊరు మెచ్చుకుంటే తప్ప ఆ ఇంట్లో మా ఆయన తలెత్తుకోలేరని నాకు తెలుసు.

ఆ మొదటి ఆటకు సముద్రం వైపు నుంచి ఒక జట్టు వచ్చింది. ఊరంతా గ్యాలరీలోనే ఉంది. ఆడవాళ్ళ బెంచీ మీద అత్తగారూ నేనూ కూర్చున్నాం. మామగారు మాత్రం లోపలికి రానని గేటు బయట ఎడ్లబండి దగ్గరే నిలబడ్డారు.

వాళ్ళ ఆటగాడు కూతకు వచ్చాడు. మనవాళ్ళు చుట్టుముట్టేసరికి దుమ్ము లేచింది, అతనికి దగ్గు వచ్చి కూత తెగింది. అవుట్. జనం ఈలలు వేశారు. రెండోవాడికీ అంతే. "ఏమే అమ్మాయ్, వాళ్ళ ఊళ్ళో అందరికీ జలుబా?" అన్నారు అత్తగారు. మూడోవాడు గీత దాటిన కాసేపటికి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కళ్ళ వెంట ధారగా నీళ్ళు. అప్పుడు ఈలలు ఆగిపోయాయి.

"కారం చల్లారురా!" అని అరుస్తూ వాళ్ళ కెప్టెన్ వచ్చి మా ఆయన బనియను పట్టుకున్నాడు. "ఎవడ్రా చల్లింది?" అంటూ మా కుర్రాళ్ళు గ్యాలరీ దూకారు. కొందరి చేతుల్లో రాళ్ళున్నాయి. మా ఆయన రెండు చేతులూ చాచి మధ్యలో నిలబడి "ఆగండ్రా" అంటున్నారు. ఆ మాట ఎవరికీ వినపడటం లేదు. అత్తగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఒక్క రాయి పడితే చాలు, ఆ నేలకు చెడ్డపేరే మిగిలిపోతుంది.

గేటులోంచి మామగారు నడిచి వచ్చారు. పరిగెత్తలేదు. వంగి గుప్పెడు మట్టి తీసుకుని, చిటికెడు నాలుక మీద వేసుకున్నారు.

"చల్లింది కాదు నాయనా. మా నాన్న రోజుల నుంచీ ఇక్కడ ఎండబోసిన కాయ ఇది. నేలలో దిగిపోయింది. మాకు అలవాటైపోయి తెలియలేదు." మిగిలిన మట్టి ఆ కెప్టెన్ అరచేతిలో పోశారు. అతను వాసన చూసి, గట్టిగా తుమ్మాడు. ఎక్కడో ఎవరో నవ్వారు. బనియను మీద చెయ్యి వదులైంది.

"ఆ మూడు అవుట్లూ లెక్కలోకి రావు. మొదటి నుంచి ఆడదాం" అన్నారు మా ఆయన.

మామగారు కొడుకు మొహంలోకి చూశారు. "ఒరేయ్, మాటలు తర్వాత. బండి కట్టు, నీళ్ళ పీపాలు తోలుకురా. నేల తడపకుండా ఎట్లా ఆడతావ్?"

నాతో చెప్పించలేదు.

నేల తడిపి, మళ్ళీ ఆడారు. మావాళ్ళు ఓడిపోయారు. ఇంటికి వచ్చాక కొడుకు పక్కన పీట వాల్చుకుంటూ "కళ్లమూ పాయె, కప్పూ పాయె. అన్నం తిను" అన్నారు మామగారు. మా ఆయన తలవంచుకుని నవ్వడం నేను వడ్డిస్తూ చూశాను.

పోయిన వారం ఆ దుమ్ములో కొంగు తీసేసి కాసేపు నిలబడ్డాను. దగ్గు రాలేదు. ఆ మట్టి కారాన్ని మరిచిపోవడానికి ఎన్నేళ్ళు పట్టిందో నాకు తెలియదు. నేను మా ఆయన్ని మరిచిపోవడానికి మాత్రం అంత కాలం నా దగ్గర లేదు.