భజన లేని శనివారాలు

చేవెళ్ల బస్టాండులో ఉడికించిన పల్లీల వాసన తగిలితే మా ఊరు ముడిమ్యాలలోని భజన మందిరం గుర్తొస్తుంది. నాకప్పుడు ఎనిమిదేళ్లు. పాట ముందు ఎవరు ఎత్తుకోవాలన్న పంతంతో భజన బృందం రెండు జట్లయింది. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. బృందాన్ని నడిపే మా నాయనమ్మ, అందరికీ అవ్వ, ఒక శనివారం భజన తాళాలన్నీ సంచిలో కట్టేసింది.

“నెల దినాలు భజన బంద్. అందరు రాండ్రి, ఊకె కూసోండ్రి” అన్నది.

అవ్వకు దేవుడి మీద కోపమొచ్చిందనుకుని ఏడ్చాను.

“కోపం కాదు బిడ్డా. అందరు అలిసిపోయిండ్రు, జర దమ్ము తీసుకోనీ” అన్నది.

మొదటి వారం రెండు జట్లూ చెరో పక్క కూర్చుని, అవ్వ ఉడికించి తెచ్చిన పల్లీలు ఒలుచుకు తిన్నారు. రెండో వారం నవ్వులు వినిపించాయి. మూడో వారం, అవతలి జట్టు మల్లయ్య తాత తనలో తానే ఒక కొత్త పల్లవి పాడుకుంటుంటే, ఇవతలి జట్టు యాదమ్మత్త దానికి చరణం అందించింది. తర్వాత ఆమే అడిగింది.

“చేవెళ్ల దవాఖానల పేషెంట్ల ఎంబడి వచ్చినోళ్లు ఉపాసముంటున్నరు. అంబలి తీస్కపోదమా?”

మరుసటి శనివారం రెండు జట్లూ ఒకే ఆటోలో అంబలి బిందెలతో చేవెళ్ల వెళ్లాయి. దారంతా ఆ కొత్త పాటే.

ఆ నెల అవ్వ పని మానేసిందనే అనుకున్నాను. ఆమె చేసిన పెద్ద పని అదేనని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.