వంటింటి గోడ మీది బొట్లు

ప్యాకేజీ అనే మాటను అంతకుముందు భద్రాచలంలో యాత్రల బస్సుల మీదే చూశాను. ఇంటి రంగులకూ అది ఉంటుందని ఆ ఎండాకాలమే తెలిసింది. ఇల్లు బాగు చేయించమని నా భార్య ఏళ్లుగా అడిగింది. ఆమె పోయిన మరుసటి ఏడు చేయించాను.

పెయింటరుది దుమ్ముగూడెం దిక్కు. వార్తలు రాసే అలవాటుకొద్దీ ప్యాకేజీలో ఏమేం వస్తాయో విడివిడిగా చెప్పించుకున్నాను.

"గోడలు గీకుడు, లప్పం పట్టుడు, ప్రైమర్, రెండు కోట్లు రంగు. సామాన్ల మీద పట్టాలు కప్పుడు మాదే. ఏడాది లోపల యాడన్న పాడైతే టచప్ చేస్తం. ఇంతగనం అడిగినోళ్లు లేరు సార్. పేపర్ల ఏస్తరా ఏంది?"

"అన్ని గోడలూ గీకుతారా?"

"అవ్. పాతది పోకుంటే కొత్తది నిలువది."

అతన్ని వంటింట్లోకి తీసుకెళ్లాను. గోదావరి ఇంట్లోకి వచ్చి పోయినప్పుడల్లా గోడ మీద బురద గీత మిగిలేది. ఇల్లు కడిగాక నా భార్య ఆ గీత మీద పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టేది. మొదటిసారి చూసి నవ్వాను.

"మీరు పేపర్ల వరద అని రాసుకోన్రి," అంది. "ఆడమనిషి ఇంటికొచ్చింది. బొట్టు పెట్టకుంట ఎట్ల పంపుతం?"

తర్వాతి నీళ్లకు కొన్ని చెరిగిపోగా రెండు మిగిలాయి. చివరిది కొంచెం వంకర. అప్పటికే ఆమె చెయ్యి వణుకుతుండేది.

"వీటి మీద రంగు పడొద్దు. నా భార్య పెట్టినవి," అన్నాను.

పెయింటరు గోడకు దండం పెట్టాడు. "పడనియ్య సార్."

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింటి గోడంతా తెల్లటి లప్పం. అతను ఎదురొచ్చాడు.

"మీ మాట దాటలే సార్. బొట్టు మీద రంగేస్తే పాపం గదా. గందుకే ముందుగాల నేనే గీకిన, కూలోళ్లను ముట్టనియ్యలే. పొడి కింద పడకుంట మోదుగాకుల పట్టి, తానం చేసి గోదాట్ల కలిపొచ్చిన."

అతని జుట్టు ఇంకా తడిగానే ఉంది. దేవుడి దగ్గరి పాత కుంకుమను మా ఇళ్లలోనూ అట్లాగే నీళ్లలో కలుపుతాం. నా భార్య అయినా అదే చేసేది.

"మంచిది," అన్నాను.

అతను వెళ్లాక గోడను తడిమి చూశాను. బొట్లు ఎంత ఎత్తులో ఉండేవో గుర్తుంది. చోటు మాత్రం దొరకలేదు.

ఆ వానాకాలం గోదావరి మళ్లీ వంటింటి దాకా వచ్చింది. నీళ్లు తీశాక కొత్త రంగు మీద గీత పడింది. టచప్ బాకీ ఉందని పెయింటరు తనే వచ్చాడు. ఈసారి గోడను ముట్టుకోకుండా నిలబడ్డాడు.

"తీయాల్నా, ఉంచాల్నా సార్?"

"ఉంచు."

"మరి బొట్టు?"

దేవుడి అలమారులోంచి ఆమె కుంకుమ భరిణె తెచ్చి మూత తీశాను. చెమ్మకు కుంకుమ గట్టిపడింది. చివరిసారి ఆమె వేలు అద్దిన గుంత అందులో అలాగే ఉంది.

మూత పెట్టేశాను.