బాతు గుర్తు చేతిలో నా ఓటమి

ఆ రోజుల్లో ఇరవై రెండేళ్ల వాడికి ట్రైనింగు సర్టిఫికెట్టు, ఒక ఇస్త్రీ చొక్కా ఉంటే చాలు, లోకానికి తాను నేర్పవలసిందే తప్ప తాను నేర్చుకోవలసింది ఏమీ లేదనిపించేది. నాకైతే రెండు ఇస్త్రీ చొక్కాలుండేవి. తాడేపల్లిగూడెంలో మా అమ్మకి నమస్కారం పెట్టి, కొల్లేటి లంకల్లో ఒక ఊరి బడికి మాస్టారుగా వెళ్లాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. (ఆ సంగతి మా పెద్ద మాస్టారు రోజూ ఏదో ఒక వంకన గుర్తుచేసేవారు.)

కర్నూలు మన రాజధానిగా ఉన్న కాలం అది. రాష్ట్రానికి మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. పై తరగతి పిల్లలకు వాటి గురించి పాఠం చెప్పాలనీ, డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు స్వయంగా వచ్చి చూస్తారనీ కబురు వచ్చింది. నల్లబల్ల నిండా నియోజకవర్గం, శాసనసభ, మెజారిటీ, మంత్రివర్గం అని రాసి రెండు రోజులు ఊదరగొట్టాను. పిల్లలు శ్రద్ధగా విని, కర్నూలుకి పడవలో వెళ్లవచ్చా అని అడిగారు. ఇలా లాభం లేదని, ఇన్‌స్పెక్టరు గారి ఎదుటే క్లాసు లీడరుకి ఎన్నిక జరిపించాలని నిశ్చయించాను. అప్పటి పద్ధతిలో చీటీ మీద ముద్ర వేయడం లేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. నచ్చిన గుర్తున్న పెట్టెలో చీటీ వేసి రావడమే. రెండు కిరసనాయిలు డబ్బాలకు కన్నాలు పెట్టించి, ఉతికిన నా పంచె ఒకటి తెరగా కట్టాను.

అభ్యర్థి అనేవాడు ఎలా ఉండాలో పిల్లలకు తెలియాలి కదా అని నేనే ఒక అభ్యర్థిగా నిలబడ్డాను. నా గుర్తు పుస్తకం. నా మీద పోటీకి మగపిల్లలెవరూ సాహసించలేదు. చివరికి వెనక వరుసలోంచి, బాతులు పెంచే వాళ్ల పిల్ల, ఊరంతా బాతుల పాప అని పిలిచే పదకొండేళ్ల అమ్మాయి చెయ్యెత్తింది. ఆమె గుర్తు ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. పాపం, చిన్నపిల్ల, ఒకటి రెండు ఓట్లయినా పడితే బాగుండును అనుకున్నాను.

ఆ రోజు ఇన్‌స్పెక్టరు గారు ఏలూరు నుంచి వచ్చి, బడిలో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చున్నారు. క్రమశిక్షణ గురించి, దేశ భవిష్యత్తు గురించి నేను పావుగంట ఉపన్యసించాను. తరువాత బాతుల పాప లేచి చేతులు కట్టుకుంది.

"మాస్టారు మంచోరండి. పాఠం బాగా చెబుతారండి. కానండి, ఎక్కం తప్పితే ఎండలో నిలబెడతారండి. నన్ను గెలిపిస్తే చూరు కింద నీడలో నిలబెట్టిస్తానండి."

అంతే, కూర్చుంది. శిక్షే ఉండదని అనలేదు చూడండి. (ఆ నిజాయితీకి ఇప్పుడు ముచ్చటేస్తుంది. అప్పుడు మాత్రం చెవులు వేడెక్కాయి.)

పిల్లలు ఒక్కొక్కరే తెర వెనక్కి వెళ్లొచ్చారు. చివర నేనూ వెళ్లొచ్చాను. ఇన్‌స్పెక్టరు గారే డబ్బాలు బోర్లించారు. బాతు డబ్బాలోంచి చీటీలు కుప్పగా పడ్డాయి. పుస్తకం డబ్బాలోంచి ఒక్కటి పడింది. ఆయన డబ్బాని రెండుసార్లు తట్టి చూశారు, ఇంకేమీ రాలేదు. ఆ ఒక్క ఓటూ ఎవరు వేశారా అని పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"మీ ఓటు మీరే వేసుకున్నారాండీ?" అని ఇన్‌స్పెక్టరు గారు మెల్లగా అడిగారు. తలూపాను. పెద్ద మాస్టారి మొహం నల్లబడింది. నేను మనసులోనే పెట్టె సర్దేసుకున్నాను.

"మాస్టారికి భయపడి ఓటేస్తారేమో చూద్దామనుకున్నానండీ," అన్నారాయన కళ్లజోడు తుడుచుకుంటూ. "ఒక్కళ్లూ వెయ్యలేదు. పాఠం బాగా ఎక్కింది. రేపటినుంచి నీడలోనే నిలబెట్టండి మరి."

అలాగే నిలబెట్టాను. ఆయన రిజిస్టరులో ఏం రాశారో గానీ, రెండు నెలల్లో నా ఉద్యోగం ఖాయమైంది.

అసలు పోలింగు మా బడిలోనే జరిగింది. నాకు అక్కడే గుమస్తా పని పడింది. మొదట్లో బెదురుతారనుకున్న ఆడవాళ్లు పడవల మీద గుంపులుగా వచ్చారు. ఒక ముసలామె చీటీ తీసుకుని, ఎవరినీ ఏమీ అడగకుండా తెర వెనక్కి వెళ్లి క్షణంలో బయటికి వచ్చింది. ఇదంతా ఎవరు నేర్పారు మామ్మా అని ఆశగా అడిగాను.

"బాతుల పాప ఇంటింటికీ వచ్చి చెప్పిందండి," అంది.

ఆ పాపకి నేర్పింది నేనేనని నాలుక చివరిదాకా వచ్చింది. పక్కనే పోలింగు ఆఫీసరు ఉండబట్టి మింగేశాను. ఆ కినుక వారం రోజులు తగ్గలేదు.

ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్ర మాస్టారి మీద జాలిగా ఉంటుంది. వాడి పక్కన కూర్చుని, పిల్లలు నిన్ను ధైర్యంగా ఓడించారంటే నువ్వు మరీ చెడ్డ మాస్టారివి కావురా అని భుజం తట్టాలనిపిస్తుంది. అప్పట్లో చెప్పినా వినేవాడు కాదనుకోండి.