ముక్త్యాల వరుస నిండేదాకా

బంతి భోజనాల్లో ఒక పద్ధతి ఉంది. చివరివాడు పెరుగన్నం ముగించేదాకా మొదటివాడు చెయ్యి కడుక్కోవడానికి లేవకూడదు. మా ఆఫీసు కంప్యూటరుకు ఈ మర్యాద ఎవరు నేర్పారో గానీ, అది నన్ను ఏళ్ల తరబడి కాల్చుకు తింది.

నందిగామలో సెల్ టవర్ల కాంట్రాక్టు ఆఫీసులో నా ఉద్యోగం. కంచికచర్ల నుంచి జగ్గయ్యపేట దాకా ఏ టవర్ ఎలా పనిచేస్తోందో కంప్యూటరే లెక్కలు తెప్పించుకుని పట్టిక వేస్తుంది. ఎన్ని కాల్స్ ప్రయత్నించారు, ఎన్ని కలిశాయి, ఎన్ని మధ్యలో తెగాయి, ఇలా. టవర్ పూర్తిగా ఆగిపోతే వెంటనే అలారం మోగుతుంది. సగం జబ్బు మాత్రం, అంటే ఫోన్లో సిగ్నల్ గీతలు నిండుగా కనబడుతూనే కాల్ కలవకపోవడం, ఆ పట్టికలోనే తెలియాలి. ఆ పట్టికేమో అప్పట్లో అన్ని టవర్ల లెక్కలూ చేరితే గానీ తెర మీదికి వచ్చేది కాదు. అందరికంటే ఆలస్యం ముక్త్యాల దగ్గరి టవర్. దాని కోసం మిగతావన్నీ విస్తళ్ల ముందు కూర్చునేవి.

ఆ టవర్ మరమ్మతులు చూసేది మా బావ, అక్క మొగుడు. నేను విసుక్కుంటూ ఫోన్ చేస్తే నవ్వేవాడు.

"మా అమ్మాయి ముస్తాబవుతోందిరా బావమరిదీ. కాస్త ఓపిక పట్టకూడదూ?"

"నీ అమ్మాయి ముస్తాబు తగలెయ్య. ఇక్కడ మా సారు నా ప్రాణం తీస్తన్నాడు బావా."

ఒక మధ్యాహ్నం ఫోన్లు కలవడం లేదని ఊళ్లోవాళ్లు చెబితే బావ అక్కడికి వెళ్లాడు. టవర్ కంచె పక్కనే గుండె పట్టుకుని కూలబడ్డాడు. మేకలు తోలుకొచ్చిన మనిషి చూసి, ఆటోలో జగ్గయ్యపేట ఆసుపత్రికి చేర్చాడు. నేను వెళ్లేసరికే అంతా అయిపోయింది. అక్క వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది, ఏడుపు కూడా రావడం లేదు. అప్పుడు నా జేబులో ఫోన్ కదిలింది, ఆఫీసు నుంచి. పట్టిక వచ్చింది. అది బావ ఇంకా బతికి ఉన్న గంట తాలూకు పట్టిక. ముక్త్యాల వరుస ఎర్రగా ఉంది. ఎవరెవరో ప్రయత్నించారు, ఒక్కటీ కలవలేదు.

ముక్త్యాల జబ్బు పొద్దున్నే పట్టికలో కనబడి ఉంటే? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. జవాబు మరీ ఘోరం. పొద్దున్నే కనబడినా నేను ఫోన్ చేసేది బావకే. వెళ్లి చూడమని తొందర పెట్టేవాణ్ణి కూడా.

దినాలు అయ్యాక అక్క అడిగింది.

"మీ బావ చేతిలో ఫోనుందంటరా, ఆ మేకలాయన చెప్పాడు. నాకు చెయ్యబోయాడేమో. నీ కంప్యూటర్లో చూసి చెప్పు."

బావ ఫోన్ రాళ్ల మీద పడి పగిలింది, మళ్లీ వెలగలేదు. మా పట్టికలో ఎన్ని కాల్స్ అన్నదే ఉంటుంది. ఎవరు ఎవరికి చేశారన్నది ఉండదు.

"అందులో పేర్లుండవక్కా. అంకెలే."

"ఆ అంకెల్లో ఆయనున్నాడంటావా?"

"ఉండొచ్చు. ఉండకపోవచ్చు."

"ఏం చదువురా నీది," అంది మెల్లగా. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత నేను పట్టిక వెంట పడ్డాను. పై వాళ్లను బతిమాలి, పోట్లాడి, కంప్యూటరుకు ఆ ఆగడం మాన్పించాను. ఇప్పుడు ఏ టవర్ లెక్క వస్తే అది వచ్చినట్టే తెర మీదికి ఎక్కుతుంది. రానిదాని వరుస ఖాళీగా ఉండి, వచ్చినప్పుడు నిండుతుంది. గంటల ఆలస్యం నిమిషాల్లోకి దిగింది. మా సారు స్వీట్లు పంచాడు. నాకు మాత్రం ముక్త్యాల వరుస ఖాళీగా కనబడితే భయం వేసేది. తెలియకుండానే బావ నంబరు నొక్కేసేవాణ్ణి. అది వాడుకలో లేదని ఒక ఆడగొంతు మర్యాదగా చెప్పేది.

సంవత్సరీకం వేదాద్రిలో, కృష్ణ ఒడ్డున పెట్టారు. మేనల్లుడు పిండాలు పెట్టి వెనక్కి వచ్చాడు. అందరం దూరం జరిగి నిలబడ్డాం. కాకి ముట్టాలి, అప్పుడే మాకు భోజనాలు. కాకి రాలేదు. పోయినవాళ్లకు తీరని కోరిక ఏదో ఉంటే ఇలాగే అవుతుందంటారు, అదేమిటో ఊహించి పైకి చెప్పి మాట ఇవ్వాలి.

"అమ్మను నేను చూసుకుంటాలే నాన్నా," అన్నాడు మేనల్లుడు. రాలేదు.

"నీ టవర్ బాగానే ఉంది బావా," అన్నాను. ఎవరో నవ్వారు. రాలేదు.

పురోహితుడు ఎండ వంక చూశాడు. "పొద్దెక్కిందండి. నీళ్లలో కలిపేద్దాం, దోషం లేదు."

"ఇంకాసేపు ఆగండయ్యా," అంటూ అక్క మెట్లు దిగి వెళ్లింది. పిండాల ముందు కూర్చుని, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది.

"ఏవయ్యా, ఆ రోజు ఫోను నా చేతిలోనే ఉంది. మోగలేదయ్యా. మోగితే ఎత్తనా?"

అయినా కాకి రాలేదు. చివరికి పిండాలు కృష్ణలో కలిపేశారు. మేమందరం తిన్నాం. అక్క మంచినీళ్లు కూడా ముట్టలేదు.

మర్నాడు ఆఫీసులో పట్టిక వేళకే వచ్చింది. ముక్త్యాల వరుస ఖాళీ.

"మిగతావి చూసేసి భోజనానికి వెళ్లండి," అన్నాడు సారు. "దాని కోసం ఆగక్కర్లేదుగా ఇప్పుడు. మీరే చేశారు."

"అవునండి," అన్నాను.

ఆ వరుస నిండేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు.