కొరియా మంత్రికి మా కరణం నడక

మా మేనమామ కొరియా నుంచి తిరిగొచ్చిన ఏడు మా ఊళ్లో వాన లేదు. అంతకు ముందటేడూ లేదనుకోండి. కోసిగికి అవతల, మబ్బులు కూడా పని ఉంటే తప్ప రాని ఊరు మాది.

మామ అక్కడ యుద్ధమేమీ చేయలేదు. యుద్ధం ఆగాక మన సర్కారు పంపిన పటాలంతో పోయి, ఖైదీల గాయాలకు కట్లు కట్టాడు. నెలల తరబడి డేరాలో ఉండి ఇల్లు చేరేసరికి, కర్నూలు కొత్తగా రాజధాని అయి సర్కారు కచేరీలు కూడా డేరాల్లోనే నడుస్తున్నాయి. "డేరా చూసేదానికి అంత దూరం పోవల్లనా?" అంది మా అమ్మ.

పటాలంలో చేసి వచ్చినవాళ్లకు బంజరు ఇస్తారని విని మామ మూడెకరాలకు అర్జీ పెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక సొంత నేలలో ఒక్క గింజ చల్లినవాడు కాదు. పటాలంలో చేరకముందు ఏడాదిలో సగం కూలి కోసం పరాయి ఊళ్లలోనే గడిపినవాడు. "ఇతను ఈ ఊరివాడే, ఆ నేల మీద వేరే ఎవరికీ హక్కు లేదు" అని మా కరణం రాసి పంపాలి. రాస్తే నేల. రాయకపోతే మళ్లీ కూలి మూట.

నాకప్పుడు పదిహేడేళ్లు. చదువు ఐదో తరగతితో ఆగింది, నోరు మాత్రం ఆగలేదు.

మామ కొరియా నుంచి నాకు గాజులు తేలేదు, కథ తెచ్చాడు. కాలికి దెబ్బ తగిలిన ఓ బెస్త ఖైదీ అది తన భాషలో చెబితే, దుబాసీ ఇంగ్లీషు చేశాడు. డాక్టరు దాన్ని హిందీ చేశాడు. మా ఊరి సాయిబుల దగ్గర నేర్చిన ఉర్దూతో మామ దాన్ని అర్థం చేసుకుని నాకు తెలుగులో చెప్పాడు. అంటే నా దాకా వచ్చేసరికే ఆ కథ బాగా అలిసిపోయి ఉంది.

వాళ్లకు ఒకప్పుడు గొప్ప సేనాని ఉండేవాడట. సరిహద్దు కొండమీద కోట కాస్తుంటే, ఉత్తరాది సైన్యం ఆయనకు భయపడి కోట జోలికి పోకుండా, చుట్టు తిరిగి నేరుగా రాజు ఊరి మీద పడిందట. రాజు లొంగిపోయాడు. ఈయన మాత్రం లొంగక ఓడెక్కి పొరుగు రాజు సాయానికి బయల్దేరాడు. దారిలో తిండి అయిపోతే, సముద్రం నీళ్లు వెనక్కి తీసే వేళకు ఒడ్డున ముళ్లకొమ్మలు నాటించాడు. నీళ్లు పోయాక చూస్తే ముల్లుకో చేప! చివరికి శత్రువుకు చిక్కాడు. ఆ శత్రువే మెచ్చుకుని ఇంటికి పంపిస్తే, సొంత రాజు కొలువులోని మంత్రే ద్రోహమని నింద వేసి కొట్టి చంపించాడు.

ఈ కథను నేను చెలమ కాడికి తీసుకుపోయాను. ఎండిన వంకలో ఇసుక తవ్వితే గుంటలో మెల్లగా ఊరే నీళ్లే చెలమ. ఒక్క కడవ నిండాలంటే ఒక కథ పడుతుంది. ఆడవాళ్లం వరసలో కూర్చుని ఎవరి వంతు కోసం వాళ్లం కాచుకునేవాళ్లం.

"కోట ఇడిచిపెట్టి పక్కనించి పోయినారా? మన ఊరిని ఇడిచి బస్సు పోయినట్ల!" అంది ఒకామె.

"ముల్లుకో చేపంట! మన కంపకు చిరిగిన చీరలు తప్ప ఏముండాదమ్మే?" అంది ఇంకొకామె.

ఆరోజు నీళ్లు మరీ నెమ్మదిగా ఊరాయి. సేనాని చనిపోయినా కడవ సగమే నిండింది. "మంత్రి ఎట్లుంటాడు, చెప్పుమ్మే" అన్నారు. మామ ఆ సంగతి చెప్పలేదు. కానీ అందరూ నా నోటికేసి చూస్తుంటే తెలియదని ఎట్లా అంటాను? లేచి, పంచె కుచ్చె ఎడంచేత్తో పట్టుకున్నట్టు, ముక్కుపొడుం పీల్చి తుమ్ము కోసం ఆకాశం వైపు చూసినట్టు, నాలుగు అడుగులు వేశాను. ఇసుకలో దొర్లి దొర్లి నవ్వారు. అది మా కరణం నడక. చెలమలో నీళ్లు సరిగ్గా ఊరి ఉంటే కొరియా మంత్రికి ఆ నడక అబ్బేదే కాదు.

మూడోనాడు కరణమే మా గడప ముందు నిలబడ్డాడు.

"ఏమప్పా! అంత దూరం పోయొచ్చి నన్ను మంత్రిని చేసినావంటనే? అదీ మంచోన్ని సంపినోన్ని?"

మామ నావైపు ఒక్కసారి చూశాడు. ఒక్కసారే.

"కథ నేనే చెప్పినా సామీ. తప్పుంటే నాదే."

"అట్లయితే నీ అర్జీ గూడా కథే అనుకో పో."

ఆయన వెళ్లాక మామ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మర్నాడు పొద్దున్నే కరణం ఇంటికి పోయాను. ఆయన అరుగుమీద ఉన్నాడు, పక్కన వాళ్లమ్మ వత్తులు చేస్తోంది.

"సామీ, ఆ నడక నడిచింది నేను. మా మామకు ఏం తెల్దు."

"మీ మామ నేర్పిచ్చి పంపినాడా?"

"లేదు సామీ. నీళ్లు ఊరక, నేనే కల్పిచ్చినా."

"ఐదో తరగతి దానికి అంత బుర్ర యాడిది? పోమ్మే!"

నేరం ఒప్పుకుందామని పోతే, నాకు నేరం చేసే అర్హత కూడా లేదన్నాడు.

"ఉండ్రా" అంది ముసలమ్మ. "అదేం కథమ్మే? నాకూ చెప్పు."

చేతులు చంకల్లో పెట్టుకుని, కదలకుండా, మామ చెప్పింది చెప్పినట్టే చెప్పాను. చంపాక ఆ సేనాని రాజు కలలోకి వచ్చి జరిగింది చెప్పాడని, రాజు ఆ మంత్రిని చంపించాడని, ఇప్పటికీ బెస్తవాళ్లు ఆయనకు మొక్కే సముద్రంలోకి పోతారని కూడా చెప్పాను. ముసలమ్మ వత్తులు పక్కన పెట్టేసింది.

"అన్నెంపున్నెం తెలియనోడు సచ్చి వీరుడైతే అన్యాయం చేసినోన్ని ఊరికే ఇడుస్తాడా? వాని కథ తెచ్చినోని కూడు తీస్తాండావు. రాసిచ్చెయ్ రా."

"అమ్మా, అది కొరియా! యాడనో ఉండాది!"

"సచ్చినోనికి ఓడ కావల్లనా?"

కరణం పకపకా నవ్వాడు. ఆమె లోపలికి పోగానే నవ్వు ఆపి, గొంతు తగ్గించి అడిగాడు: "ఆయప్ప రాజు కలలోకి ఎన్నో దినం వచ్చినాడంట?"

అది నాకు తెలియదు. "మూడో దినం సామీ. రాకుండా ఉండల్లంటే అంతలోపలే సరిచేసుకోవల్లంట" అన్నాను.

మర్నాడే కాగితం ఆదోని తాలూకా కచేరీకి పోయింది.

సంగతంతా విన్నాడు మామ. "ఆ కథలో నేను చెప్పింది యాదన్నా మిగిలిచ్చినావా?" అన్నాడు చివరికి.

"ఆయప్ప ఏ తప్పూ చేయకుండా సచ్చిపోయింది మాత్రం మార్చలేదు మామా."

మామ తల పంకించి, పక్కింట్లో గుద్దలి అడగడానికి లేచాడు. కొలిచేవాళ్లు వచ్చేలోగా హద్దు రాళ్లు పాతుకోవాలట.