ఆమె దేవత కాదు

నేను పత్రిక డెస్కు నుంచి రిటైరైన కొత్తలో జరిగిందిది. మా అన్నయ్య కూతురు సుమతి ఒక నవల రాసి, ప్రచురణకర్తలెవరూ ముందుకు రాకపోవడంతో సొంతంగా అచ్చు వేసుకుంది. గ్యాసు దీపాల కాలం నాటి ఓ ఊహానగరంలో, రాత్రిళ్లు వెలుగు ఉండకూడదన్న దేవతల ఆజ్ఞను ధిక్కరించి వీధిదీపాలు వెలిగించే ఒక మామూలు ఆడమనిషి కథ అది.

ఫిల్మ్ నగర్‌లో ఒక నిర్మాత కథ వింటానంటే తోడుగా ఆయన ఆఫీసుకు నేనూ వెళ్లాను. సినిమా అయితే తన పుస్తకం నలుగురూ చదువుతారని సుమతి ఆశ. ఆయన కళ్లు మూసుకుని అంతా విన్నాడు.

"కథ మస్తుగుందమ్మా. ఒక్కటే మార్పు. ఆఖర్ల ఆమెనే దేవత అని తెల్వాలె. ఉత్త మనిషి దేవుళ్ల మీద గెలిస్తే ఎవడు నమ్ముతడు?"

"ఆవిడే దేవతైతే ఇక ఎదిరించింది ఎవరండీ?" అంది సుమతి.

ఆయన నా వైపు తిరిగి, "పెద్దాయనా, మీరన్న జర చెప్పుండ్రి. మంచి చాన్సు ఖరాబు చేసుకుంటుంది" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "మనుషులు చేసిన పనికి మనుషులకు పేరు రాకూడదా?" అని హాల్లో కూర్చున్నవాళ్లంతా తలలు తిప్పి చూసేలా అరిచి, సుమతిని బయటికి లాక్కొచ్చాను.

తీరా గేటు దాటాక చూస్తే, మేము వెంట తీసుకెళ్లిన పుస్తకం ఆయన బల్ల మీదే ఉండిపోయింది.

"పోనీలేమ్మా, ఇంట్లో బోలెడున్నాయిగా" అన్నాను, మళ్లీ అందరి ముందుకూ వెళ్లలేక.

"అది ఆయన దగ్గర ఉండకూడదు బాబాయ్" అంటూ ఒక్కతే లోపలికి వెళ్లి పుస్తకంతో తిరిగొచ్చింది. ఏమన్నావని అడిగితే, "కథ మార్చనని నెమ్మదిగా చెప్పాను" అంది.

ఆ నవల సినిమా కాలేదు, నా కోపమూ తగ్గలేదు. కానీ ఆ రోజు అరిచింది నేనైనా, ఎదిరించింది సుమతే.